సిరి, విశ్వాసం, ఉత్తరాంధ్ర క్రైస్తవ సంఘాలు

కొత్త నిబంధనలోని నాలుగు సువార్తలను వరుసగా చదివినవారికి ఒక సంగతి త్వరలోనే తెలిసివస్తుంది. ప్రార్థన గురించి, ఉపవాసం గురించి యేసు చెప్పినదానికి ఏమాత్రం తీసిపోకుండా ఆస్తి గురించి, అప్పు గురించి, కూలి గురించి, కొట్లలో నిలవచేసుకొనే ధాన్యం గురించి ఆయన మాట్లాడాడు. మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో, కొండమీది ప్రసంగం అని పిలిచే భాగంలో, ఒకే మనిషి దేవుణ్ణీ ధనాన్నీ ఇద్దరు యజమానులుగా పెట్టుకొని కొలవలేడని ఆయన స్పష్టంగా చెప్పాడు. ఆజ్ఞలన్నీ పాటించి వచ్చిన ధనవంతుడైన యువకుణ్ణి ఉన్నదంతా అమ్మి బీదలకిచ్చి రమ్మన్నప్పుడు, ఆ యువకుడు విచారంతో వెళ్ళిపోయిన వైనాన్ని మత్తయి సువార్త దాచకుండా రాసింది. అయితే అదే కొత్త నిబంధనలో జక్కయ్య సగం ఆస్తినే ఇచ్చినా యేసు మెచ్చుకున్నాడు. అరిమతయియ యోసేపు ధనవంతుడిగానే ఉండి ఆయన దేహాన్ని తన సొంత సమాధిలో పెట్టాడు. అందువల్ల క్రైస్తవ బోధ డబ్బునే పాపమంటున్నదని అనుకోవడం సరికాదు. పౌలు తిమోతికి రాసిన మొదటి లేఖలో కీడులకు మూలమని చెప్పినది ధనాపేక్షను, అంటే డబ్బుపై మనసును నిలిపి దానినే ఆధారంగా చేసుకొనే స్థితిని. ‘లోకం’ అనే మాటకు కూడా ఈ బోధలో అర్థం భూమి, ఇల్లు, పిల్లలు, పొలం అని కాదు. దేవుణ్ణి పక్కనపెట్టి మనిషి తనకు తాను కట్టుకొనే గౌరవాల, భయాల, లెక్కల వ్యవస్థకు అది పేరు.

ఈ బోధను విజయనగరం, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల పరిస్థితికి అన్వయించబోతే ఒక చిక్కు ఎదురవుతుంది. ఈ ప్రాంతపు క్రైస్తవ సంఘాల్లో అధికభాగం వ్యవసాయ కూలీలు, కంబారి పనివారు, చిన్న రైతులు, కొండ గ్రామాల గిరిజనులు, చిరుద్యోగులు. వదులుకోవడానికి పెద్ద ఆస్తి లేనివారికి ఆస్తికంటె విశ్వాసం మిన్న అని చెప్పడం సులభమైన ఉపదేశంగా కనిపించవచ్చు. కాని రెండు శతాబ్దాల చరిత్రను దగ్గరగా చూస్తే, ఉన్నది కొద్దిగా ఉన్నప్పుడే దానిని పోగొట్టుకోవడం ఎంత కష్టమో, ఆ కష్టాన్ని ఈ ప్రాంతంలో ఎవరు భరించారో తెలుస్తుంది.

తెలుగు దేశంలో ప్రొటెస్టెంటు మిషనరీల స్థిరమైన పని ఉత్తరాంధ్రలోనే, 1805లో మొదలయింది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఆ సంవత్సరం విశాఖపట్నం చేరారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోగా, వారి తెలుగు అనువాదాల్లోని సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ఆ అనువాదంలో వారికి తోడుగా నిలిచిన ఆనందరాయరు పూర్వం లెక్కలు రాసే ఉద్యోగం చేసిన మహారాష్ట్ర బ్రాహ్మణుడు. తెలుగు బైబిలు చరిత్రలో మొదటి పుటల మీద ఉండవలసిన ఆ పేరు ఈనాటి సంఘాల్లో చాలామందికి తెలియకపోవడం బాధ కలిగించే విషయం.

విశ్వాసానికి ఆస్తి రూపంలో చెల్లించవలసివచ్చిన వెల ఎంతటిదో గ్రహించడానికి పురుషోత్తమ చౌధరి జీవితాన్ని చూడాలి. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతంలోని మదనపురంలో, వంగదేశం నుంచి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. పర్లాకిమిడి అప్పట్లో మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒడిశాలో కలిసింది. క్రైస్తవ కరపత్రాల వల్ల, శ్రీకాకుళంలో నివసించిన హెలెన్ నాట్ అనే స్త్రీ పరిచయం వల్ల ఆయన మనసు మారింది. 1833లో ఆయన బాప్తిస్మం పొందాడు. ఆ సంవత్సరానికి చాలా ప్రాధాన్యం ఉంది. అప్పటి కోర్టులు హిందూ కుటుంబాల ఆస్తి తగాదాల్లో ధర్మశాస్త్ర నిబంధనలనే అనుసరించేవి. మితాక్షర అనే స్మృతి వ్యాఖ్యానం ప్రకారం, పిత్రార్జితమైన ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే వాటా వస్తుంది. కాని కులం నుంచి వెలి అయినవాడు, అంటే ‘పతితుడు’ అని తీర్మానించబడినవాడు, ఆ వాటాకు అర్హత కోల్పోతాడు. మతం మారినవాడి విషయంలోనూ ఇదే వర్తించేది. బెంగాలు రాష్ట్రంలో 1832 నాటి ఒక రెగ్యులేషను ఈ నష్టం నుంచి కొంత రక్షణ కల్పించినా, అది గంజాం, విశాఖపట్నం జిల్లాలకు వర్తించలేదు. కంపెనీ పాలనలోని ప్రాంతాలన్నిటికీ వర్తించేలా, మతం మారినందుకుగాని కులం నుంచి వెలి అయినందుకుగాని వారసత్వ హక్కు పోకూడదని 1850 నాటి 21వ చట్టం చెప్పేవరకు, ఈ ప్రాంతంలో బాప్తిస్మం తీసుకున్న మనిషి తండ్రి ఆస్తిలో తన వాటా అడిగితే న్యాయస్థానం నుంచి రక్షణ లభిస్తుందని ఆశించలేని స్థితి. అంటే 1833లో ఒక బ్రాహ్మణ యువకుడు నీటిలో దిగడమంటే పొలం మీద, ఇంటి మీద, పెళ్ళిళ్ళలో తనవారి పంక్తిలో కూర్చొనే హక్కు మీద ఆశ వదులుకొని దిగడమే.

చౌధరి తరువాతి జీవితమంతా బోధకుడిగా, సంఘకాపరిగా గడిచి 1890లో ముగిసింది. ఆయన వదిలివెళ్ళిన సంపద కీర్తనల రూపంలో ఉంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అనే పాటల పుస్తకంలో ఆయనవి చాలా ఉన్నాయి. రాగతాళాలకు ఒదిగిన ఆ కీర్తనలను ఈనాటికీ ఇచ్ఛాపురం నుంచి నెల్లూరు దాకా, లూథరన్ అని బాప్తిస్టు అని తేడా లేకుండా సంఘాలన్నీ పాడుకుంటున్నాయి. కుటుంబ ఆస్తిలో వాటా అడగలేని స్థితిని ఎంచుకున్న మనిషి ఒక భాషాసమాజానికంతటికీ ఉమ్మడి ఆస్తిని ఇవ్వగలిగాడని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఇంతవరకు చెప్పినది ఆస్తి ఉన్నవారి సంగతి. భూమి లేనివారి సంగతి ఇంకా కఠినమైనది. దానికి స్పష్టమైన సాక్ష్యం ఒంగోలు ప్రాంతంలో ఉంది. 1860ల చివరలో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గర బాప్తిస్మం పొందిన మాదిగ కుటుంబాలు మూడు నియమాలు పాటించవలసి వచ్చేది: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. పైకి చూస్తే ఇవి మతాచారానికి చెందిన నియమాలు. గ్రామ ఆర్థిక వ్యవస్థలో మాత్రం ఒక్కొక్కటీ కూటికి సంబంధించినదే. మాదిగలకు ఊరి నుంచి అందే ధాన్యపు మేరలు, అంటే పంట నూర్చినప్పుడు కళ్ళంలో వృత్తి కులాలకు కొలిచి ఇచ్చే వాటాలు, వారు ఊరికి చేసే సేవతో ముడిపడి ఉండేవి. ఆ సేవలో జాతరల్లో డప్పు కొట్టడం ఒక భాగం. డప్పు మానితే ఆ వాటాకు ముప్పు. ఆదివారం నాగలి పట్టకపోతే ఆసామి ఆగ్రహం. పెద్దలు బావుల దగ్గరికి రానివ్వకపోవడం, పనులు ఆపడం, తప్పుడు కేసులు పెట్టడం జరిగాయి. ఏడు రోజుల్లో ఒక రోజు కూలి పోగొట్టుకోవడమంటే ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగకపోవడమని తెలిసి కూడా వారు ఆ దినాన్ని దేవునికి వేరుచేశారు.

ఇక్కడ ఒక ఆక్షేపణను పరిశీలించాలి. కరవు కాలంలో గింజల కోసం పేదలు మతం మారారన్న మాట దేశమంతటా ఉంది. కొన్ని చోట్ల అలాంటివి జరిగి ఉంటాయి కూడా. కాని 1876-78 నాటి గొప్ప కరవులో క్లౌ చేసిన పని ఆ మాటకు పూర్తిగా ఎదురుగా నిలుస్తుంది. ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకొని, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, కరవుతో అల్లాడుతున్న వేలమందికి కూలి ఇప్పించాడు. అయితే ఆ సహాయం సాగినంతకాలం బాప్తిస్మం అడిగినవారినందరినీ వెనక్కి పంపాడు. కూలికీ విశ్వాసానికీ మధ్య అనుమానానికి చోటుండకూడదని ఆయన ఉద్దేశం. కరవు పని ముగిసి, చేతికి డబ్బు ఇచ్చే అవసరం పోయిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకెను సంఘాలు గర్వంగా చెప్పుకుంటాయి. దానికంటె ముందు నెలల తరబడి సాగిన ఆ నిరాకరణకు ఎక్కువ గౌరవం దక్కాలి, ఎందుకంటే పేదవాడి విశ్వాసాన్ని అతని ఆకలి నుంచి వేరుచేసి చూడగలిగిన మర్యాద అందులో ఉంది.

ఉత్తరాంధ్రలో సంఘాలు ఒంగోలులోలా ఒక్కసారిగా పెరగలేదు. చిన్న చిన్న గుంపులుగా, నెమ్మదిగా ఏర్పడ్డాయి. ఇక్కడ పనిచేసిన కెనడియన్ బాప్తిస్టు మిషనుకు దారి వేసినవాడు తామస్ గాబ్రియేల్ అనే తెలుగువాడు. ప్రభుత్వ తంతి శాఖలో ఉద్యోగాన్ని వదులుకొని కాకినాడలో సొంతంగా సువార్త పని మొదలుపెట్టిన ఆయన, సంఘాలు పెరిగేకొద్దీ అప్పుల్లో కూరుకుపోయి, కెనడా బాప్తిస్టుల సహాయం కోరాడు. ఆ పిలుపుకు జవాబుగా జాన్ మెక్‌లారిన్ 1874లో కాకినాడ చేరాడు; గాబ్రియేల్ 1875 జనవరి 1న కన్నుమూశాడు. అదే సంవత్సరం సయాం నుంచి కాకినాడకు వచ్చిన మరొక కెనడా బృందం తరువాత శ్రీకాకుళం, బొబ్బిలి, భీమునిపట్నం కేంద్రాలుగా పని విస్తరింపజేసింది; విజయనగరం, పర్లాకిమిడి, టెక్కలి, పాలకొండ, సోంపేట తరువాత చేరాయి.

శ్రీకాకుళంలోని ఈ మిషను పనికి వచ్చిన డబ్బు ఎక్కడిదో తెలుసుకోవడం అవసరం. కెనడా తూర్పు తీరంలోని నోవా స్కోషియాలో హన్నా మరియా నోరిస్ అనే ఉపాధ్యాయురాలు మిషనరీగా వెళతానని అడిగినప్పుడు, పంపడానికి డబ్బు లేదని పెద్దలు చెప్పారు. ఆమె స్త్రీల దగ్గరికి వెళ్ళింది. 1870లో కాన్సో అనే తీరపట్టణంలో మొదలుపెట్టి కొద్ది నెలల్లో ముప్పైకి పైగా మహిళా సహాయ సమాజాలు ఏర్పరిచింది. అందులో చేరిన జాలర్ల, రైతుల భార్యలు ఇంటి ఖర్చులోంచి మిగిల్చి వారానికి కొద్ది సెంట్ల చొప్పున వేసేవారు. దేవాలయపు కానుకపెట్టెలో పేద విధవరాలు వేసిన రెండు కాసులను యేసు ధనికుల కానుకలకంటె ఎక్కువని ఎంచిన ఘట్టాన్ని ఆ సమాజాలు ఆదర్శంగా పెట్టుకున్నాయి. నోరిస్ తరువాత డబ్ల్యు. ఎఫ్. ఆర్మ్‌స్ట్రాంగ్‌ను వివాహమాడి శ్రీకాకుళంలో పనిచేసింది. ఆపైన ఆ దంపతులు బర్మాకు వెళ్ళి, పొట్టకూటి కోసం సముద్రం దాటిన తెలుగు, తమిళ కూలీల మధ్య పరిచర్య సాగించారు. విదేశీ డబ్బుతో కట్టిన గుళ్ళు అనే మాట వినిపించినప్పుడు, ఆ విదేశీ డబ్బులో కొంత కెనడా జాలరి స్త్రీల సెంట్లన్న సంగతిని గుర్తుంచుకోవాలి.

ఆ పద్ధతికి సరిజోడైన పద్ధతి తెలుగు సంఘాల్లో పిడికెడు బియ్యం. వంటకు బియ్యం కొలుచుకున్న స్త్రీ, ఎసట్లో పోయకముందే ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కన వేరుగా పెట్టిన ముంతలో వేస్తుంది. వండిన తరువాత మిగిలిన అన్నాన్ని ఆమె ఇవ్వదు. ఇంటిల్లిపాదీ తినడానికి ముందే, ఆ పూట చాలుతుందో లేదో తెలియకముందే, మొదటి పిడికెడు వేరవుతుంది. బియ్యం లేని ఇంట్లో చోళ్ళు వేస్తారు. అంబలి తాగే ఇంట్లోనూ ముంత ఖాళీగా ఉండదు. ఆదివారం ఆ ముంతలను గుడికి తెచ్చి ఒక చోట కుమ్మరించి, తవ్వతోనో కుంచంతోనో కొలిచి, కొంత ఉపదేశికి, అంటే జీతం లేకుండానో చాలీచాలని జీతంతోనో ఊళ్ళో ఆరాధన జరిపించే బోధకుడికి ఇస్తారు. మిగిలినది అమ్మి గుడి ఖర్చుకు వాడతారు. ‘ప్రథమ ఫలం’ అనే పాత నిబంధన నియమం, పంటలో మొదటి భాగం దేవునిదన్న నియమం, ఇంత చిన్న కొలతలో ఇంత నమ్మకంగా అమలయిన చోటు మరొకటి చూపడం కష్టం. పది శాతాన్ని లెక్కగట్టి ఇచ్చే దశమభాగం కంటె ఇది భారమైనది, ఎందుకంటే దశమభాగం ఆదాయం వచ్చిన తరువాత వేసే లెక్క. పిడికెడు మాత్రం ప్రతి పూటా ఆకలి ముందు నిలబడి తీసుకొనే నిర్ణయం.

కోతపండుగలో ఇదే సంగతి బహిరంగంగా జరుగుతుంది. పంటలు ఇళ్ళకు చేరిన తరువాత ఒక ఆదివారం గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, అరటిగెలలు, నువ్వులు, పెసలు, కోళ్ళు బలిపీఠం ముందు పేర్చి, ఆరాధన ముగిశాక వేలం వేస్తారు. ఒక గుమ్మడికాయను కొన్నవాడు డబ్బు కట్టి దానిని మళ్ళీ సంఘానికే ఇచ్చేస్తే, అది రెండోసారి, మూడోసారి వేలానికి వస్తుంది. బజారు ధరతో సంబంధం లేకుండా పెరిగే ఆ పాటలో పిల్లలు, ముసలివారు, కూలివారు అందరూ పాల్గొంటారు. ధర పెంచడమంటే ఇచ్చేవాడి సంతోషాన్ని పెంచడమని ఆ గుంపుకు తెలుసు.

విశ్వాసాన్ని సంపదకంటె మీద నిలిపే ఈ సంప్రదాయానికి నేడు ఎదురవుతున్న సవాలు బయటినుంచి వస్తున్నది కాదు. ఐశ్వర్య సువార్త అని పిలిచే బోధ, అంటే విశ్వాసం గట్టిగా ఉంటే దేవుడు ఆరోగ్యం, ఇల్లు, వాహనం, విదేశీ వీసా ఇచ్చి తీరతాడని చెప్పే బోధ, టెలివిజను ద్వారా, సెల్‌ఫోను ద్వారా కొండ గ్రామాల దాకా చేరింది. ‘విత్తనపు కానుక’ అనే పేరుతో ఇంత ఇస్తే నూరంతలు తిరిగి వస్తుందని చెప్పి, రోగి ఇంట్లోని చివరి రూపాయిని కూడా అడుగుతున్నారు. ఇది కానుకను వడ్డీ వ్యాపారంగా మార్చడమే. పిడికెడు బియ్యం వేసిన స్త్రీ తిరిగి నూరు పిడికెళ్ళు వస్తాయని వేయలేదు. పైగా ఈ బోధ పేదవాడిపై రెండో భారం మోపుతుంది: డబ్బు రాకపోతే, రోగం నయం కాకపోతే, తప్పు అతని విశ్వాసంలోనే ఉందని తేల్చేస్తుంది. విధవరాలి రెండు కాసుల ఘట్టానికి ముందు వచనాల్లోనే విధవరాండ్ర ఇళ్ళను మింగే శాస్త్రులను యేసు తీవ్రంగా ఖండించాడన్న సంగతిని ఆ బోధకులు చదవకుండా దాటిపోవడం క్షమించరానిది.

ఇంతకంటె నిశ్శబ్దంగా సాగే లోకానుసరణ పెళ్ళిళ్ళలో కనిపిస్తుంది. కట్నం తీసుకోవడం 1961 నుంచి చట్టరీత్యా నేరం. అయినా క్రైస్తవ కుటుంబాల్లోనూ అది ఆగలేదు. వధూవరుల పేర్లను గుడిలో ముందుగా ప్రకటించి, ఆక్షేపణ ఉన్నవారు తెలపండని అడిగే ఆచారం ఉంది. ఆ ఆక్షేపణ వరుసల గురించో, పూర్వ వివాహం గురించో తప్ప కట్నం గురించి వచ్చినట్టు వినబడదు. ఆడపిల్ల పెళ్ళికి అప్పుచేసి, ఆ అప్పు తీర్చడానికి చెన్నైకో హైదరాబాదుకో వలసపోయి, ఆదివారం సెలవులేని కట్టడపు పనిలో చేరిన తండ్రికి, ఆరాధన దినాన్ని పోగొట్టినది లోకం ఒక్కటే కాదు, కట్నం విషయంలో నోరు మెదపని అతని సంఘం కూడా.

చివరగా, విశ్వాసానికి చట్టమే వెల కట్టిన సందర్భం మరొకటి ఇంకా కొనసాగుతున్నది. 1950లో రాష్ట్రపతి జారీచేసిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు, హిందూ మతంలో ఉన్నవారినే ఆ జాబితాలోకి తీసుకున్నది; 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గాని, క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారిని వెనుకబడిన తరగతుల్లో ‘సి’ వర్గంగా గుర్తించి ఒక్క శాతం రిజర్వేషను కల్పించారు. షెడ్యూల్డు తెగల హోదాకు మాత్రం మతంతో సంబంధం లేదు. అందువల్ల సీతంపేట, కురుపాం కొండల్లో సవర, జాతాపు విశ్వాసి తన హోదాను నిలుపుకోగలుగుతుండగా, అదే కొండ దిగువ ఊళ్ళో దళిత విశ్వాసి బాప్తిస్మంతో దానిని కోల్పోతాడు; కులం పేరుతో ఊరు అతణ్ణి చూసే చూపు మాత్రం నీళ్ళలో మునిగినంత మాత్రాన మారదు. మతంతో ముడి తొలగించాలని జస్టిస్ రంగనాథ్ మిశ్రా అధ్యక్షతన పనిచేసిన కమిషన్ 2007లో సిఫారసు చేసింది. ఈ విషయాన్ని పరిశీలించడానికి 2022లో జస్టిస్ కె. జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరొక కమిషన్‌ను కేంద్రం నియమించింది. ఈలోగా కాగితం మీద ఒక మతం, ఆదివారం ఒక మతంగా బతుకుతున్న కుటుంబాలను నిందించడం చాలా తేలిక. అలా నిందించేవారిలో చాలామంది తమ విశ్వాసానికి ఏ ఉద్యోగాన్నీ, ఏ హాస్టలు సీటునూ చెల్లించనివారే. బాప్తిస్మం అడిగిన దళిత యువతీయువకులకు ఏమి పోతుందో ముందే విప్పి చెప్పవలసిన బాధ్యత, క్లౌ తన కాలంలో కూలినీ బాప్తిస్మాన్నీ వేరుచేసినంత నిజాయితీగా, సంఘకాపరి మీద ఉంది. అలా చెప్పిన తరువాత కూడా వచ్చినవారి కాలేజీ ఫీజులో కొంతైనా కోతపండుగ వేలం డబ్బు నుంచి కట్టడానికి సంఘం ముందుకు రావాలి.